గర్భిణి చింత – గృహస్థ ధర్మము

చింత దోషమా, ధర్మమా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. శివునిపై భారము వేసినవాడు చింతింపరాదని పెద్దలు చెప్పుదురు. అట్లని, చేనికి నీరు పెట్టవలసిన దినమున నిశ్చింతగా నిద్రించు రైతును ఎవ్వరును భక్తుడని కొనియాడరు. చింతకును జాగ్రత్తకును నడుమ నొక సన్నని గీత కలదు. ఆ గీతను గుర్తించుట మిగుల కష్టమైన ఘట్టమొకటి ప్రతి గృహమునకును వచ్చును. కూతురికో, కోడలికో ఏడవ నెల దాటిన కాలమది. కంటికి కనబడని బిడ్డ తగినంత పెరుగుచున్నదా, మితిమీరి పెరుగుచున్నదా యను సందేహము అప్పుడు తల్లి మనస్సును పట్టి విడువదు.

గుంటూరు, ప్రకాశము ప్రాంతముల నల్లరేగడి పల్లెలలో ఈ సందేహము తల్లికి మాత్రమే చెందినది కాదు; అది ఊరంతటిది. పత్తి తీతలు ముగిసి మిరప కోతలు సాగుచుండు దినములలో కళ్లము వద్దనో, నీళ్ల పంపు వద్దనో ఒక గర్భవతి కనబడినచో మాటలు మొదలగును. “ఎనిమిదో నెలంటే నమ్మలేం, ఐదో నెల కడుపులా ఉందే!” అని యొకరందురు. “ఇంత కడుపేమిటే అమ్మాయ్, కవలలేమో!” అని వేరొకరందురు. “అన్నం కాస్త తగ్గించు తల్లీ, బిడ్డ లావైతే కాన్పు కష్టమవుద్ది” అని పెద్దమ్మ వరుస ఆమె హితవు చెప్పును. మూడు మాటలును ప్రేమతో అన్నవే. కాని మూడింటిని మూటగట్టుకొని ఇంటికి పోయిన ఆ పిల్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. బిడ్డ చిన్నదను భయమొకటి, పెద్దదను భయమొకటి. ఈ రెండు భయములకును మూలమొక్కటే. కనబడనిదానిని కంటితో కొలువబూనుట.

కడుపు చూచి బిడ్డను కొలువవచ్చునా? తల్లి పొడవు, కడుపు కండరముల బిగువు, తొలి కాన్పా మలి కాన్పా యనునది, బిడ్డ నిలువుగా నున్నదా అడ్డముగా నున్నదా యనునది, ఉమ్మనీరు ఎంత యున్నదనునది – ఇవి యన్నియు కలిసి కడుపు రూపును నిర్ణయించును. పొడుగరి యైన తొలిచూలు స్త్రీకి కడుపు కనబడకపోవచ్చును. పొట్టిదైన ఆమెకు అదే బిడ్డ ముందుకు పొడుచుకొని వచ్చినట్లు తోచవచ్చును. నెలల లెక్కయే తప్పినచో చెప్పనక్కరలేదు. చివరి ముట్టు మొదటి దినము నుండి 280 దినములు, అనగా నలువది వారములు, నిండు గర్భమునకు లెక్క. ఆ దినము సరిగా గుర్తులేని స్త్రీకి నెల పొరపాటుగా ఎక్కువ లెక్కించినచో, సవ్యముగా పెరుగు బిడ్డయే చిన్నదిగా కనబడును. కనుకనే తొలి మూడు నెలలలో చేయు పరీక్ష తేదీని నిర్ణయించుటకు మిగుల ఉపకరించును.

వైద్యులకు రెండు కొలతలు కలవు. మొదటిది టేపు. ఇరువది నాలుగు వారముల తరువాత గర్భాశయపు ఎత్తు సెంటీమీటర్లలో ఎంత యుండునో, వారముల సంఖ్యయు ఇంచుమించు అంతయే యుండును. రెండు మూడు సెంటీమీటర్ల తేడా సహజము. ముప్పదియారు వారముల పిమ్మట శిశువు తల క్రిందికి దిగుటచే ఎత్తు తగ్గుటయు కలదు. “కడుపు జారింది” అని పల్లెలలో అనునది ఇదియే. అది బిడ్డ కృశించుట కాదు. రెండవది స్కానింగు. స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమున అయాన్ డొనాల్డు అను వైద్యుడును, ఆయన సహచరులును 1958వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధన నుండి ఈ పద్ధతి వ్యాపించినది. అయినను యంత్రము బిడ్డను తూచదు. తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు – వీనిని కొలిచి, సూత్రముచే బరువును అంచనా వేయును. ఆ అంచనాలో నూటికి పది పదునైదు వంతులు అటునిటు తేడా వచ్చును. కాగితముపై మూడు కిలోలని యున్నచో, బిడ్డ రెండు కిలోల ఏడువందల గ్రాములును కావచ్చును, మూడు కిలోల మూడువందల గ్రాములును కావచ్చును. ఒక్క కాగితమును చూచి విలపించుటయు, ఒక్క కాగితమును చూచి నిశ్చింతపడుటయు రెండును తగవు. రెండు మూడు వారముల యెడముతో తీసిన రెండు కొలతలను పోల్చినప్పుడే పెరుగుదల తెలియును. చిన్నదిగా నుండి తన గతిలో పెరుగుచున్న బిడ్డ వేరు. పెరుగుట మందగించిన బిడ్డ వేరు. మొదటిది తలిదండ్రుల పోలిక కావచ్చును. రెండవది వైద్యుడు కనిపెట్టవలసినది.

ఇక “అన్నం తగ్గించు” అను హితవును విచారింపవలెను. దీనిని మూఢత్వమని త్రోసివేయుట సులభము, న్యాయము కాదు. శస్త్రచికిత్స యెరుగని కాలమున బిడ్డ అడ్డుపడినచో తల్లియు బిడ్డయు దక్కకపోవుట ప్రతి ఊరును చూచినదే. ఆ భయమునుండి పుట్టిన జాగ్రత్త యిది. అవ్వలకు ఇతర సాధనము లేకపోయెను. కాని భయము నిజమైనంత మాత్రమున దానికి చెప్పిన విరుగుడు నిజము కానక్కరలేదు. కాన్పు అడ్డుపడుటకు బిడ్డ నిలిచిన తీరును, తల్లి కటివలయపు ఇరుకుదనమును ముఖ్య కారణములు. ఆ ఇరుకుదనము అనేక పర్యాయములు ఆమె పసితనమున తిండి చాలక ఎముకలు పెరుగకపోవుటచే వచ్చినదే. అనగా ఆకలి చేసిన కీడును ఆకలితోనే మాన్పబూనుట జరుగుచున్నది.

పైగా ఆ చివరి మూడు నెలలే బిడ్డకు ముఖ్యమైనవి. ఇరువది యెనిమిది వారములకు బిడ్డ బరువు సుమారు ఒక కిలో. నెలలు నిండిన బిడ్డ సుమారు మూడు కిలోలు. మూడింట రెండు వంతుల బరువు ఈ మూడు నెలలలోనే కూడవలెను. సరిగా అప్పుడే తల్లి ముద్ద తగ్గించుచున్నది. రెండవ ప్రపంచ యుద్ధపు చివర, 1944–45 శీతకాలమున, హాలెండు దేశమున కరువు సంభవించినది. గర్భపు చివరి నెలలలో ఆ కరువునకు లోనైన తల్లుల బిడ్డలు సుమారు మూడువందల గ్రాముల బరువు తక్కువగా పుట్టిరి. శత్రుసైన్యపు దిగ్బంధము అచ్చట చేసిన పనిని, ఇచ్చట ఆప్యాయత చేయుచున్నది.

ఆ లోపము పురిటితో తీరునది కాదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. తక్కువ బరువుతో పుట్టినవారికి నడివయస్సున హృద్రోగము అధికమని 1989లో ఇంగ్లండున డేవిడ్ బార్కరు అను వైద్యుడు చూపెను. పూనా సమీప గ్రామములలో యాజ్ఞిక్ అను వైద్యుని బృందము చేసిన పరిశీలనలో అచ్చటి శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలు; పోల్చిచూచిన ఇంగ్లండు శిశువులది సుమారు మూడున్నర. ఆ చిన్న శిశువులలో కండ తక్కువగా నుండి, కొవ్వు మాత్రము అంతగా తగ్గకపోవుట గమనింపబడినది. ఈ దేశమున మధుమేహము విస్తరించుటకు ఇదియు నొక హేతువని వారి భావము. అయినను ఇది విధివ్రాత కాదు. రెండున్నర కిలోలకు తక్కువైన శిశువును తక్కువ బరువు బిడ్డ యని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. అట్టి బిడ్డలు తల్లిపాలతో, తల్లి రొమ్ముపై వెచ్చదనముతో చక్కగా తేరుకొని పెరుగుటయు అనుదినము కనబడుచున్నదే.

బిడ్డ మితిమీరి పెరుగు సందర్భములు లేకపోలేదు. గర్భకాలమున వచ్చు మధుమేహము వానిలో ముఖ్యము. దానికి మందు పస్తు కాదు; చక్కెర పరీక్షయు, వైద్యుడు చెప్పిన ఆహారక్రమమును. ఇచ్చట నేటి కాలపు చిక్కు మరియొకటి కలదు. “బిడ్డ పెద్దది, కోయవలెను” అను మాట నేడు తేలికగా వినబడుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి నలువది రెండు కాన్పులు శస్త్రచికిత్సచే జరిగినవి. దేశపు సగటు ఇరువది యొకటిన్నర. అవసరమైన శస్త్రచికిత్స ప్రాణదానమే. దానిని నిందించుట పాపము. కాని ఒక్క అంచనా బరువు మాత్రమే అందుకు కారణము కాజాలదు. మధుమేహము లేని తల్లికి అంచనా ఐదు కిలోలు, ఉన్న తల్లికి నాలుగున్నర కిలోలు చేరినప్పుడు ఆ ఆలోచన చేయవచ్చునని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘము సూచించినది. మూడున్నర కిలోలకే భయపడిన కుటుంబము, ‘కారణ మేమి, ఆగినచో ప్రమాద మేమి’ యని వైద్యుని వినయముగా అడుగుట అవిధేయత కాదు.

ఇంతవరకు కొలతల విషయము. అసలు ధర్మప్రశ్న వేరొకటి కలదు. బిడ్డ చిన్నదని తేలినప్పుడు దోషి యెవరు? ఈ ప్రాంతమున తొలికాన్పు పుట్టింటిది. సీమంతము జరిపి, గాజులు తొడిగి, చలిమిడి పెట్టి కూతురిని తీసికొనిపోవుదురు. బిడ్డ సన్నగా పుట్టినచో, “మీ ఇంట మా పిల్లకు ఏడు నెలలు తిండి లేదు” అని పుట్టింటివారును, “పంపినప్పుడు బాగానే ఉంది, అక్కడే చిక్కింది” అని అత్తింటివారును వాదింతురు. ఈ ఇరువురి నడుమ నిజముగా చిక్కునది తల్లియే. ఆమె తినలేదట, ఆమె మాత్రలు వేసికొనలేదట, ఆమె ఏడ్చినదట! మాయ సరిగా పనిచేయకపోవుట, రక్తపుపోటు, రక్తహీనత, కవలలు, ఇంటిలోని పొగాకు పొగ – ఇన్ని హేతువులలో ఆమె స్వయముగా కోరి తెచ్చుకొన్నది ఏది? ఈ రాష్ట్రపు గర్భవతులలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనులని పై సర్వేయే తెలుపుచున్నది. సగముమందికి గల లోపము ఒక్కొక్కతె తప్పు కానేరదు. అది గృహముల తప్పు, సంఘము తప్పు. అందరు తిన్న పిమ్మట మిగిలినది తినుట ఇల్లాలి సుగుణమని మెచ్చుకొన్న సంఘమే, ఆమె రక్తము చాలలేదని నిందించుట ఏ న్యాయము?

కూలికి పోవు తల్లి విషయము మరింత విచారింపదగినది. మిరప కోత వంగి చేయు పని. మాఘ ఫాల్గుణముల యెండ, చేతుల మంట, కళ్లములో ఘాటు, ఇంటికి వచ్చిన పిదప వంట – ఇది ఆమె దినచర్య. పత్తికిని మిరపకును కొట్టినన్ని పురుగుమందులు ఇతర పైరులకు అరుదు; మందు కొట్టిన చేలో గర్భవతి నిలువరాదు. కాని ఒక దినపు కూలి పోగొట్టుకొనక స్కానింగుకు పోజాలని స్త్రీకి “విశ్రాంతి తీసికొమ్ము” అని చెప్పుట యెంత సులభమో, ఆచరించుట ఆమెకంత కష్టము. బసవేశ్వరుడు కాయకమును పూజగా నెంచెను, నిజమే. కాని ఆయన కాయకమును దాసోహముతో జతపరచెను. కూలికి కాయకమును బోధించి, దాసోహమును తాను మరచిన ఆసామి సగము ధర్మమునే పాటించినవాడగును. ఎనిమిదవ నెల స్త్రీని నీడను కూర్చుండబెట్టి, తొడిమలు తీయు పని నప్పగించి, నిండు కూలి యిచ్చుట ఆసామికి పెద్ద నష్టము కాదు. గర్భములోని బిడ్డకు అది పెద్ద లాభము.

వీరశైవ గృహములకు ఈ విషయమున ప్రత్యేకమైన బాధ్యత కలదు. ఎనిమిదవ మాసమున గర్భస్థశిశువు నిమిత్తము తల్లికి మరియొక లింగమును కట్టించు గర్భలింగధారణ సంస్కారము ఈ సంప్రదాయమున కలదు. దాని యర్థమును ఆలోచింపవలెను. బిడ్డ బరువెంతయో యెవరికిని తెలియదు. ఆడయో, మగయో తెలియదు. తెలిసికొనగోరుట 1994 నాటి చట్టము ప్రకారము నేరము కూడను. చక్కనిదో కాదో తెలియదు. ఏ కొలతయు తీయకముందే గురువు ఆ శిశువును భక్తునిగా అంగీకరించుచున్నాడు. అరచేత నిముడు ఇష్టలింగమున జగత్తంతయు నున్నదని నమ్మువారికి, పరిమాణమును బట్టి విలువ కట్టరాదని వేరుగా చెప్పవలెనా? రెండు కిలోల ఆడబిడ్డ పుట్టినప్పుడు మొగము ముడుచుకొనువాడు ఆ సంస్కారమును చేయించెనే కాని గ్రహింపలేదు.

అయినచో చింత విడువవలెనా? పాల్కురికి సోమనాథుని బసవపురాణము చింతించు తల్లులను తక్కువచేసి చూపలేదు. బసవేశ్వరుని తల్లి మాదాంబ మూడేండ్లు గర్భమును మోసెననియు, భారము సైపలేక నందికేశ్వరునితో మొరపెట్టుకొనెననియు అందు కలదు. మహాత్ముని మోయు తల్లియు మొరపెట్టుకొన్నదే! బెజ్జమహాదేవి కథ అంతకంటె మృదువైనది. శివునకు తల్లి లేదే యని ఆమె దుఃఖించి, తానే తల్లియై, ఆయనను పసిబిడ్డగా భావించి పెంచినది. ఆ బిడ్డకు జబ్బు చేసినట్లు తోచినప్పుడు తల్లడిల్లినది. సాక్షాత్తు పరమేశ్వరునకు ఏమగునని ఆమెను పరిహసించినవారు లేరు. ఆమె అమ్మవ్వ యైనది. ఆమె చింత ఊరక కూర్చుండి కుమిలిన చింత కాదు. అది నీళ్లు పోసినది, కాటుక పెట్టినది, పాలు పట్టినది. చింత చేతులలోనికి దిగినప్పుడు సేవ యగును. చేతులకు దిగక మనస్సుననే తిరిగినప్పుడు వ్యాధి యగును. మొదట అడిగిన గీత ఇదియే.

కావున గర్భిణితో “చింతింపకుము” అనుట చాలదు. ఆమె చింతకు చేతులిచ్చుట గృహస్థుల ధర్మము. మాంసాహారము లేని యిండ్లలో పప్పు, పాలు, పెరుగు, వేరుసెనగలు, మునగాకు, గోంగూర, రాగిజావ, నువ్వులు బెల్లము – ఇవి ఆమెకు ముందుగా వడ్డింపవలెను. ఇనుప మాత్రలు వేసికొన్నచో బిడ్డ నల్లబడుననియు, లావగుననియు చెప్పు మాటలు నిరాధారములు. ఆ మాత్రలను టీతో గాక, నిమ్మరసముతో వేసికొనుట మేలు. మధ్యాహ్నము కొంతసేపు ఎడమ ప్రక్కకు పరుండనీయవలెను. పుట్టింటికి పంపునప్పుడు చీర సారెలతో పాటు పరీక్షల కార్డును, పాత స్కానింగు కాగితములను పంపవలెను. అవి లేనిచో పోల్చిచూచుటకు వైద్యునకు ఆధారముండదు. ప్రతినెల తొమ్మిదవ తేదీన గర్భవతులకు ప్రభుత్వాసుపత్రులలో ఉచిత పరీక్షలు జరుపు పథకము 2016 నుండి కలదు. ఆ దినమున తోడుపోవుట భర్తకు నామోషీ కాకూడదు.

అన్నిటిని మించి, బిడ్డ కదలికను గూర్చి తల్లి చెప్పు మాటను నమ్మవలెను. కదలిక తగ్గినట్లు ఆమెకు తోచినచో ఆ దినముననే ఆసుపత్రికి చేర్పవలెను, రేపు చూతమనరాదు. రక్తము కనబడుట, ఉమ్మనీరు పోవుట, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము చేతులు ఉబ్బుట – వీనికిని అదే నియమము. కడుపు పరిమాణమును గూర్చి ఊరివారు చెప్పు నూరు మాటలకంటె, కదలికను గూర్చి ఆమె చెప్పు ఒక్క మాట విలువైనది.

మఠములకు ఈ బాధ్యత క్రొత్తది కాదు. గుంటూరు మండలమున కృష్ణాతీరమునగల మల్కాపురపు శిలాశాసనము 1261 నాటిది. కాకతి రుద్రమదేవి కాలమున విశ్వేశ్వర శివాచార్యులకు మందడ గ్రామము దానముగా లభింపగా, దాని యాదాయముతో మఠమును, విద్యాలయమును, అన్నసత్రమును, ఆరోగ్యశాలయు, ప్రసూతిశాలయు నడపబడినట్లు అందు కలదు. ఆ గోళకీమఠము వారు వీరశైవులు కారు, శుద్ధశైవులు. అయినను ఈ నేలపైననే, ఇప్పటికి ఏడువందల అరువది యేండ్లకు పైగా క్రిందట, శివపూజతో సమానముగా తల్లి పురుడును ఒక మఠము తన విధిగా నెంచినదను సత్యము ఎల్ల శైవులకును ఆదర్శమే. నేటి మఠములు ప్రసూతిశాలలు కట్టలేకపోవచ్చును. పేద గర్భిణికి మూడు నెలలు పాలు, పప్పు అందించుట, పరీక్షకు పోవు దినపు కూలి నిచ్చుట, దాసోహపు పంక్తిలో ఆమెను ముందుగా కూర్చుండబెట్టుట ఏ మఠమునకును అసాధ్యములు కావు.

బిడ్డ బరువును కాటా తూచును. పుట్టిన నాడు ఆ కాటాలో కనబడు గ్రాములు తల్లి యొక్కతె సంపాదించినవి కావు; ఆమెకు వడ్డించిన చేతులవి, ఆమెను నీడను కూర్చుండబెట్టిన ఆసామివి, ఆమె మాట నమ్మిన భర్తవి. తక్కువైనచో ఆ లోటును గూడ అందరును పంచుకొనవలెను. ఆ పంపకమునకు సిద్ధపడిన యింట గర్భిణి చింత సగమగును. తక్కిన సగము ఆమెను జాగ్రత్తగా నడిపించును.